బోళ్లు తోమే చేతులు

"అంట్లు" అనే మాట నాకు సినిమాల్లో, సీరియళ్లలోనే పరిచయం. మా భూపాలపల్లి దిక్కు బోళ్లు అంటాం, కొన్ని ఇళ్లలో బాసండ్లు అంటారు. తోమే చోటు జాలారి. ఇప్పుడు మా ఇంట్లోనూ సింకు ఉంది, నేను నిలబడే తోముతాను. మా అమ్మకు మాత్రం పీట వేసుకుని కూర్చుంటే గానీ తోమినట్టు ఉండదు. "నిలవడి తోమితే గంజు అడుగు యాడ కనవడ్తది బిడ్డా" అంటుంది.

వంటల గురించి మనం ఎంతో చెప్పుకుంటాం. సర్వపిండినే తీసుకోండి. సర్వకు పిండి అద్దాలి, వేళ్లతో బొక్కలు పెట్టాలి, నూనె పోసి మూత పెట్టి సన్నని మంట మీద కాల్చాలి. ఇదంతా అందరూ చెప్తారు. తిన్నాక ఆ సర్వ అడుగున నల్లగా పట్టుకున్న పొరను ఎవరు గోకాలి, ఎంతసేపు గోకాలి, గోకిన చేతులు ఎట్లా ఉంటాయి అనేది ఏ వంటల పుస్తకంలోనూ ఉండదు. అందుకే ఈసారి ఆ చేతుల గురించి రాస్తున్నాను. ముఖ్యంగా మా అమ్మ చేతుల గురించి.

నా చిన్నప్పుడు మాకు కట్టెల పొయ్యి. పొయ్యి మీద పెట్టేముందు గంజుకు బయటంతా తడి బూడిద పూసేది అమ్మ. మసి ఆ బూడిదకే పడుతుంది, తోమేటప్పుడు దాంతోపాటే ఊడి వస్తుంది. లోపలి జిడ్డుకు పొడి బూడిద, కొబ్బరి పీచు. పీచు లేకపోతే వరిగడ్డి చుట్ట. ఇత్తడి బిందెకు చింతపండు. ఇందులో ఉన్న కెమిస్ట్రీ నాకు పెద్దయ్యాక తెలిసింది. కట్టె బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. నీళ్లు తగిలితే అది క్షారమవుతుంది. ఆ క్షారం నూనె జిడ్డును విరగ్గొట్టి, అందులో కొంత సబ్బుగా మారుస్తుంది. అంటే మన అమ్మమ్మలు పూటపూటకూ గంజులోనే చిటికెడు సబ్బు తయారు చేసుకున్నారన్నమాట. చాకలివాళ్లు చౌడుతో బట్టలు ఉతికింది కూడా ఇదే లెక్క మీద. చింతపండు పులుపేమో ఇత్తడి మీద పట్టిన చిలుమును కరిగిస్తుంది.

మాది బొగ్గు ఊరు కాబట్టి ఒక మాట. బొగ్గు పొయ్యిల కాలంలో, ఆ బూడిదతో తోమితే గంజు గీతలు పడుతుంది గానీ జిడ్డు పోదు అని ఆడవాళ్లు అనుకునేవాళ్లు. నిజమే. బొగ్గు బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అల్యూమినా. అంటే దాదాపు ఇసుక జాతి. గీకడమే తప్ప కరిగించడం దానికి రాదు. చెల్పూరు పవర్ ప్లాంటు లాంటి చోట్ల మిగిలే బూడిద ఇటుకలకు, సిమెంటుకు పనికొస్తుంది, బోళ్లకు కాదు.

"పాతకాలం బూడిదే నయం, అప్పుడు చేతులు పాడయ్యేవి కావు" అనే మాట పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో చాలాసార్లు వింటాను. నేను ఒప్పుకోను. క్షారం క్షారమే, కట్టె నుంచి వచ్చినా ప్యాకెట్ నుంచి వచ్చినా చేతి మీద దయ చూపదు. మా అమ్మమ్మ చేయి పట్టుకుంటే చింతచెట్టు బెరడు పట్టుకున్నట్టు ఉండేది. అప్పటి తేడా వేరే ఉంది. అప్పుడు బోళ్లు తక్కువ. ఒక కుండ, ఒక గంజు, రెండు తలెలు. చుట్టాలొస్తే మోదుగాకు విస్తర్లు, తిన్నాక పెంటకుప్ప మీదికి. కూరలో నూనె కూడా చూసి చూసి పోసేవాళ్లు. ఇప్పుడు ఒక్క పూటకు కుక్కరు, దాని లోపలి గిన్నెలు, మిక్సీ జార్లు, నాన్‌స్టిక్ పెనం, టిఫిన్ బాక్సులు, వాటి మూతలు, ఆ మూతల రబ్బర్లు. మిక్సీ జారు బ్లేడ్ కింద వేలు పెట్టి పచ్చడి తీసేవాళ్లకు నా మాట అర్థమవుతుంది.

ఇక చర్మం సంగతి. చేతి చర్మం పైపొరను ఒక గోడ అనుకోండి. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్యనున్న కొవ్వు సిమెంటు. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి మందూ మురికీ లోపలికి రాకుండా ఆపేది ఆ గోడే. సబ్బుకు సర్వకు పట్టిన నూనె ఏదో, చేతికున్న నూనె ఏదో తెలియదు. రెండింటినీ కడిగేస్తుంది. పైగా చర్మం సహజంగా కొంచెం పులుపు, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. సోడా కలిసిన పొడులు, బార్లు 9, 10 దగ్గర ఉంటాయి. ప్యాకెట్ మీద నిమ్మకాయ బొమ్మ ఉంది కదా అని లోపల పులుపు ఉందనుకోవద్దు. వాసన ఒక్కటే నిమ్మకాయది. దీనికి తోడు స్టీలు పీచు కంటికి కనపడని కోతలు పెడుతుంది, ఆ కోతల్లోంచి సోడా లోపలికి దిగుతుంది. వేడి నీళ్లయితే కొవ్వు ఇంకా తొందరగా పోతుంది. చలికాలంలో వేడి నీళ్లు హాయిగా ఉంటాయి కానీ చేతికి మంచివి గోరువెచ్చనివే.

నీళ్లలో చాలాసేపు ఉంటే వేళ్ల కొసలు ముడతలు పడతాయి కదా, అది నీళ్లు పీల్చి ఉబ్బడం వల్ల అనుకునేదాన్ని. కాదట. అది నరాల పని. నరం తెగిన వేలు ఎంతసేపు నానబెట్టినా ముడత పడదు. తడి వస్తువును గట్టిగా పట్టుకోవడానికి ఆ ముడతలు పనికొస్తాయని కొందరు శాస్త్రవేత్తల మాట. జారే గాజు గ్లాసు తోమేటప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

జర్మనీలో పనివాళ్ల భద్రత కోసం ఒక లెక్క పెట్టారు. రోజుకు 2 గంటలకు మించి చేతులు తడిలో ఉంటే దాన్ని "తడి పని" అనాలి, చర్మానికి ప్రమాదమున్న పనిగా చూడాలి. గాలి తగలని గ్లౌజుల్లో ఎక్కువసేపు ఉన్నా చేయి తడుస్తుంది, ఎందుకంటే లోపల చెమట కూడా తడే. నర్సులు, క్షౌరవృత్తివాళ్లు, వంటవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు అందరూ ఈ లెక్కలోకి వస్తారు.

మా అమ్మ కాలనీలో 4 ఇళ్లలో బోళ్లు తోముతుంది. నాన్న పోయిన దగ్గర్నుంచి అదే ఆమె జీవనం. నా దగ్గర ఉండమంటే ఉండదు, "నా కాళ్లు ఆడినన్ని రోజులు నా తిండి నాదే" అంటుంది. ఇంటికి 40 నిమిషాలు, రెండు పూటలా. మొత్తం 320 నిమిషాలు, అంటే 5 గంటల 20 నిమిషాలు. తన ఇంట్లో బోళ్లు, బట్టలు ఈ లెక్కలో లేవు.

ముందు ఉంగరం కింద మొదలైంది. సబ్బు నీళ్లు ఉంగరం కింద చిక్కుకుని ఆరవు, అందుకే చాలామందికి దురద అక్కడే పుడుతుంది. ఉంగరం తీసేసింది. తర్వాత వేళ్ల సందులు ఎర్రబడ్డాయి. తర్వాత కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కొసలు పగిలాయి. కూరలో ఉప్పు వేస్తే కళ్లలో నీళ్లు వచ్చేవి. మధ్యలో గోరుచుట్టు. దానికి మనందరి వైద్యం నిమ్మకాయ డిప్ప తొడగడం. ఒకసారి వచ్చి చీము పట్టి పోయే గోరుచుట్టు వేరు, నెలల తరబడి గోటి పక్కన బూరెలా ఉబ్బి ఉండేది వేరు. ఈ రెండోది ఎప్పుడూ తడిలో ఉండే చేతులకే ఎక్కువగా వస్తుంది, చాలాసార్లు అందులో బూజు జాతి సూక్ష్మజీవి ఉంటుంది. వేలు ఆరితే తప్ప ఏ డిప్పా దాన్ని తగ్గించదు.

ఇదంతా అమ్మకు జబ్బుగా అనిపించలేదు. "బోళ్లు తోమేదాని చేతులు గిట్లనే ఉంటయి" అనేది. రేషన్ దుకాణం దగ్గర ఆగాల్సి వచ్చాకే అది లెక్కలోకి వచ్చింది.

2023 చివర్లో రేషన్ కార్డులో పేరున్న ప్రతి మనిషీ వచ్చి ఈకేవైసీ చేయించుకోవాలన్నారు. వేలిముద్ర వేస్తే అయిపోతుంది. గడువు జనవరి చివర అన్నారు, తర్వాత పొడిగించారు. అమ్మ కార్డులో అమ్మ ఒక్కతే. మొదటిసారి వెళ్తే పది వేళ్లలో ఒక్కటీ పడలేదు. వేళ్లు తుడిచి పెట్టమన్నారు, తలకు రుద్ది పెట్టమన్నారు. వెంట్రుకల నూనె అంటితే మిషన్ పట్టుకుంటుందని అందరూ చేసే ఉపాయమే. పడలేదు. వారం తర్వాత మళ్లీ పోయింది. మూడోసారి నేను వెంట వెళ్లాను. కంటిపాపతో చూసే మిషన్ ఆ రోజు అక్కడ లేదు. డీలరు మంచిగానే మాట్లాడాడు. "అమ్మా, నేనేం జెయ్యాలె, నీ ఏళ్ల మీద గీతలే లెవ్వు" అన్నాడు.

అమ్మ అరచేయి తిప్పి చూసుకుంది. "ఏడికి వోతయి. ఆ నాలుగిండ్ల గంజుల మీద వోయినయి" అంది. వెనక వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

6 కిలోల బియ్యం నేను కొనివ్వలేనా అని మీరు అనుకోవచ్చు. నేనూ అదే అన్నాను. అమ్మ లెక్క వేరు. కార్డులో పేరు పోతే రేపు ఆస్పత్రి పాలైతే ఆరోగ్యశ్రీ ఎట్లా అని ఆమె భయం. ఇంకోటి కూడా ఉంది, అది ఆమె పైకి అనలేదు. తనెవరో చెప్పుకోవడానికి ఉన్నది ఆ వేలే. వేలిముద్ర పడనంత మాత్రాన సరుకులు ఆపొద్దనే నియమాలు ఉన్నాయి, కంటిపాప, ఓటీపీ దారులు ఉన్నాయి. కానీ మూడుసార్లు వరుసలో నిలబడి వెనక్కి వచ్చిన మనిషికి నియమాలు చదివి వినిపిస్తే ఏం లాభం.

అదే నెలల్లో జాతర వచ్చింది. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర ఆ ఏడాది ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా. జాతర అంటే మా దిక్కు ప్రతి ఇంటికీ చుట్టాలు. పోయేటప్పుడు ఒక పూట, వచ్చేటప్పుడు ఒక పూట దిగుతారు. యాటకూర, కోడికూర, బెల్లం. కొవ్వు గడ్డకట్టిన గంజులు, పాకం అంటిన గిన్నెలు. అమ్మ చేసే 4 ఇళ్లలోనూ అంతే. ఆ వారం ముగిసేసరికి అమ్మ చేతి వేలు మడిస్తే రక్తం వచ్చింది.

హన్మకొండలో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ విన్న మంచి మాట ఒకటుంది. వేలి గీతల అచ్చు పైపొరలో లేదు, కింది పొరలో ఉంది. పైన అరిగినా, పగిలినా, చర్మం మానితే మామూలుగా అవే గీతలు తిరిగి పైకి వస్తాయి. లోతుగా కాలితేనో, తెగితేనో తప్ప పూర్తిగా పోవు. అమ్మ ఆ మాట నాతో రెండుసార్లు చెప్పించుకుంది.

మందుల కన్నా కట్టుబాట్లే ఎక్కువ చెప్పారు. ఇచ్చిన ఆయింట్‌మెంట్ చెప్పినన్ని రోజులే రాయాలి. ఇక్కడ నా మాటగా ఒకటి కలుపుతాను. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే స్టెరాయిడ్ క్రీములు మొదట్లో మంత్రంలా పనిచేస్తాయి, నెలల తరబడి రాస్తే చర్మాన్ని పలచన చేస్తాయి. మా వీధిలో వాటినే "చేతుల క్రీము" అని వాడేవాళ్లున్నారు. దయచేసి వద్దు.

రెండోది గ్లౌజులు. అమ్మ వాటి పేరెత్తితేనే నవ్వింది, "నేనేమన్న డాక్టరమ్మనా" అని. అప్పుడు నేను ఒక కథ చెప్పాను, మీకూ చెప్తాను. ఆపరేషన్ గదిలోకి రబ్బరు గ్లౌజులు రావడానికి కారణం రోగి కాదు, ఒక ఆడమనిషి చేతులు. అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో కరొలైన్ హాంప్టన్ అనే నర్సు ఉండేది. ఆ రోజుల్లో క్రిములు చావడానికి పాదరసం కలిసిన మందులో చేతులు ముంచేవాళ్లు. ఆమె చేతులకు పుండ్లు లేచి పని మానేసే స్థితి వచ్చింది. అక్కడి సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1889-90 చలికాలంలో గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీతో పలచని గ్లౌజులు చేయించి ఆమెకిచ్చాడు. 1890లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. గ్లౌజుల వల్ల రోగికి కూడా మేలని గుర్తించింది ఆ తర్వాత. మన సింగరేణిలో బొగ్గు తవ్వకం మొదలైంది కూడా ఆ 1889లోనే. ఎక్కడి ముడి ఎక్కడికో వేస్తున్నాను గానీ, నాకు ఆ రెండూ పక్కపక్కన కనిపించాయి.

ఎందుకంటే మా ఆయన బాయి పనికి పోతాడు. దిగేముందు తలకు టోపీ, కాళ్లకు బూట్లు, దీపం. కొత్తగా చేరినవాళ్లకు ముందు ట్రైనింగు. దెబ్బ తగిలితే రాసుకోవడానికి రిజిస్టరు. ఇవన్నీ ఊరికే రాలేదు, ఎందరో ప్రాణాలు పోయాక, ఎందరో కొట్లాడాక వచ్చాయి. అదే కాలనీలో, అదే జీతం మీద నడిచే వంటిళ్లలో 5 గంటలు తడిలో చేతులు పెట్టే మనిషికి ఒక బట్టపేలిక కూడా లెక్కలో లేదు. ఇది ఆ ఇళ్లవాళ్ల చెడ్డతనం అని నేను అనను. ఆ ఇళ్ల ఆడవాళ్లు తమ చేతులకు మాత్రం ఏం చేసుకున్నారు గనుక.

మేం ఏం చేశామో చెప్తాను. మోచేతి దాకా వచ్చే మందం గ్లౌజులు కొన్నాం. లోపల వేసుకోవడానికి పాత బనియన్ గుడ్డతో నేనే తొడుగులు కుట్టాను, చెమట పీల్చుకోవడానికి. మూడు జతలు, తడిసింది మార్చుకోవడానికి. 20 నిమిషాలకొకసారి గ్లౌజు తీసి చేయి ఆరబెట్టుకోవాలి. బొక్క పడితే అదే రోజు పారేయాలి, లోపలికి పోయిన సబ్బు నీళ్లు బయటికి రావు కాబట్టి ఉత్త చేతుల కన్నా అది చెరుపు. కొంతమందికి రబ్బరే పడదు, వాళ్లు నైట్రైల్‌వి అడగాలి.

బోళ్లను ముందే నానబెట్టమని ఇళ్లవాళ్లను అడిగింది. తిన్న వెంటనే తలెలో ఇన్ని నీళ్లు పోస్తే తర్వాత సగం రుద్దుడు తప్పుతుంది. మాడిన సర్వలో నీళ్లు పోసి ఒక పొంగు కాచి వదిలేస్తే తెల్లారేసరికి పొర దానంతటదే లేస్తుంది. పని అయ్యాక మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందులు తుడిచి, కొంచెం తడి ఉండగానే వాసెలిన్. రాత్రి మందంగా రాసి, చేతులకు పాత నూలు సాక్సులు. "చేతులకు సాక్సులేందే, దయ్యమనుకుంటరు" అని మూడు రోజులు గొడవ చేసింది. నాలుగో రోజు తనే అడిగి వేసుకుంది.

ఇళ్ల సంగతి ఇంకా చిత్రం. ఒక ఇంటామె తనే ఇంకో జత కొనిచ్చింది, చిన్న సైజుది, అమ్మ వేళ్లు పట్టలేదు. ఇంకొకామె "తొడుగేసుకుంటే జిడ్డు వోయిందో లేదో ఎట్ల తెలుస్తది" అంది. ఇందులో నిజముంది. వేలి కొస చెప్పినంత బాగా కన్ను చెప్పదు. అందుకని రుద్దడం గ్లౌజులతో, ఆఖరి నీళ్లు ఉత్త చేత్తో అని అమ్మే పద్ధతి పెట్టుకుంది. మూడో ఇంట్లో వాళ్లు రాత్రి బోళ్లు తామే తోముకుంటామన్నారు, పైసలు మాత్రం తగ్గించలేదు. ఆ ఇంట్లో రాత్రి తోమేది ఆయనే అని తర్వాత తెలిసింది. నాలుగో ఇల్లు అమ్మే వదిలేసింది. గ్లౌజులు వేసుకొస్తే తమను అంటరానివాళ్లలా చూసినట్టుంది అన్నారట. చేతులు పగిలి రక్తం వచ్చినప్పుడు వాళ్లకు ఏమీ అనిపించలేదు. ఆ ఇంటి మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఏప్రిల్‌లో మళ్లీ రేషన్ దుకాణానికి వెళ్లాం. కుడిచేతి వేళ్లు ఐదూ పడలేదు. ఎడమచేయి పెట్టింది. బొటనవేలు లేదు, చూపుడువేలు లేదు. ఉంగరపు వేలికి మిషన్ సరే అంది. ఎక్కువ పీచు పట్టని చేయి, ఎక్కువ పని చేయని వేలు. అమ్మ ఆ వేలిని కొంగుతో తుడుచుకుని, "గిదొక్కటి దాసుకున్న" అంది.

ఇప్పుడు కుడిచేయి కూడా చాలా నయం. చలికాలంలో మళ్లీ పగులుతుంది, మళ్లీ సాక్సులు బయటికి వస్తాయి. ఇంట్లో నా బోళ్లలో ఆదివారం వంతు మా అబ్బాయిది. గ్లౌజులు వాడికీ ఒక జత కొన్నాను. నష్టం ఒకటే, ఎప్పుడూ కుడిచేతి గ్లౌజే ముందు చిరుగుతుంది. అట్లా ఎడమచేతివి ఐదు మిగిలాయి. పారేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. ఎడమదాన్ని లోపలిది బయటికి తిప్పితే కుడిచేతికి సరిపోతుందని కనిపెట్టింది. నిన్న వచ్చి ఆ ఐదూ కొంగులో మూట కట్టుకుని తీసుకుపోయింది.